అభిమానులు అలిగితే లీగ్ ఖజానాకు దెబ్బ తగులుతుందా?

ఉప్పల్ నార్త్ స్టాండ్:
2021 మేలో వార్నర్‌ను హైదరాబాద్ కెప్టెన్సీ నుంచి తప్పించినప్పుడు, "ఇక ఈ టీమ్ మ్యాచ్ చూడను" అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. మాట మీదే నిలబడ్డాను. 2022 సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. ఆ సీజన్ ముగిసిన కొద్ది రోజులకే, జూన్‌లో, రాబోయే ఐదేళ్ల ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడుపోయాయి. అంతకుముందు ఐదేళ్లకు స్టార్ కట్టింది 16,347 కోట్లు. అంటే దాదాపు మూడు రెట్లు!

అప్పటి నుంచి నాకు ఒకటే అనుమానం. మనం చూడటం మానేస్తే ఎవరికి నష్టం? ప్రసార హక్కుల డబ్బు ఐదేళ్లకు ముందే ఖాయమైపోతుంది. ఈ ఏడాది నేను టీవీ కట్టేసినా ఛానల్ క్రికెట్ బోర్డుకు కట్టాల్సింది కట్టాల్సిందే. ఫ్రాంచైజీలకు వచ్చే ఆదాయంలో పెద్ద భాగం ఆ సొమ్ములో వాటాయే, టికెట్ల డబ్బు కాదు. అందుకే బాయ్‌కాట్ వల్ల లీగ్‌కు నష్టం లేదని నా అభిప్రాయం. కాదనేవాళ్లు లెక్కలతో రండి.

లెక్కల పుస్తకం:
వస్తున్నాను. 2020 గుర్తు తెచ్చుకోండి. జూన్‌లో చైనా సైన్యంతో గల్వాన్ ఘర్షణ జరిగింది. ఐపీఎల్ పేరు ముందు తన పేరు పెట్టుకునే టైటిల్ స్పాన్సర్ చైనా ఫోన్ల కంపెనీ వివో, అందుకు కట్టేది ఏడాదికి సుమారు 440 కోట్లు. ఆగస్టు 2న ఐపీఎల్ గవర్నింగ్ కౌన్సిల్ పాత స్పాన్సర్లందరినీ కొనసాగిస్తామని చెప్పింది. బాయ్‌కాట్ పిలుపులు ఎలా హోరెత్తాయంటే, నాలుగు రోజుల్లో, ఆగస్టు 6న, ఆ ఏడాదికి వివోతో ఒప్పందం ఆపేస్తున్నట్టు బోర్డే ప్రకటించింది. ఆ స్థానంలో డ్రీమ్11 వచ్చింది, 222 కోట్లకు. సగం ఎగిరిపోయింది. అందులో ఫ్రాంచైజీలకు వెళ్లే సగం వాటాను ఎనిమిది టీమ్‌లు పంచుకునేవి కాబట్టి, ఒక్కో టీమ్‌కు 13, 14 కోట్లు తగ్గినట్టే. ఒక్క మ్యాచ్ కూడా మొదలుకాకముందే, ఎవరూ టీవీ కట్టేయకముందే.

ఉప్పల్ నార్త్ స్టాండ్:
ఈ ఉదాహరణ గట్టిదే, ఒప్పుకుంటాను. కానీ తగ్గిన ఆ 218 కోట్లనూ మొత్తం బాయ్‌కాట్ ఖాతాలోనే రాయకండి. కరోనా వల్ల కంపెనీల దగ్గర డబ్బు లేదు, టోర్నీకి నెలన్నర కూడా టైమ్ లేదు, అమ్మింది కొన్ని నెలల హక్కే. 218 కోట్లంటే అప్పటి ఏడాది ప్రసార హక్కుల డబ్బులో 7 శాతం కూడా కాదు. 2021లో వివో మళ్లీ వచ్చింది కూడా. పైగా డ్రీమ్11లో చైనా కంపెనీ టెన్సెంట్‌కు పెట్టుబడి ఉందని అప్పుడే అందరికీ తెలుసు. కోపం నిజమైనదే, నాకూ వచ్చింది. అది ఒక్క సీజన్ దాటలేదన్నదే నా బాధ.

రూర్ తీరం:
నేను డార్ట్‌మండ్‌లో ఉంటాను. ఇక్కడ కళ్లారా చూసింది చెబుతాను. 2023 డిసెంబరులో జర్మన్ ఫుట్‌బాల్ లీగ్ తన ప్రసార ఆదాయంలో 8 శాతం వాటాను 20 ఏళ్లపాటు ఒక పెట్టుబడి సంస్థకు ఇచ్చి, దాదాపు 100 కోట్ల యూరోలు తెచ్చుకోవాలనుకుంది. 36 క్లబ్బుల్లో 24 ఒప్పుకున్నాయి. సరిగ్గా కావలసిన మూడింట రెండు వంతులు.

ఆటలో బయటి పెట్టుబడి పెత్తనం నచ్చని అభిమానులు ఇంట్లో కూర్చోలేదు. టికెట్ కొని వచ్చారు. మొదటి 12 నిమిషాలు నోరు మెదపలేదు. మామూలుగా చెవులు దిమ్మెక్కే స్టాండ్ అంత మౌనంగా ఉంటే ఒళ్లు జలదరించింది. తర్వాత మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరారు. బెర్లిన్‌లో హెర్తా, హాంబర్గ్ మ్యాచ్ అరగంటకు పైగా ఆగిపోయింది. వారం వారం ఇలా ఆగే మ్యాచ్‌లను ఏ ఛానల్ కొంటుంది? వాటా కొనడానికి బరిలో ఉన్న రెండు పెట్టుబడి సంస్థల్లో బ్లాక్‌స్టోన్ తప్పుకుంది, సీవీసీ మిగిలింది. 2024 ఫిబ్రవరి 21న లీగ్ మొత్తం ప్రయత్నాన్నే వదిలేసింది. 100 కోట్ల యూరోల ఒప్పందం పోయింది. ఇంతకన్నా లెక్క ఏం కావాలి?

ఫ్రీమాంట్ నుంచి:
మాది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన కథ. అమెరికాలో ఓక్లండ్ ఏస్ బేస్‌బాల్ టీమ్ యజమాని మంచి ఆటగాళ్లను ఒక్కొక్కరినీ వదిలేస్తుంటే జనం రావడం మానేశారు. 2022లో మ్యాచ్‌కు సగటున 10 వేల మంది కూడా లేరు. యజమానికి బుద్ధి వస్తుందనుకున్నాం. "చూశారా, ఈ ఊళ్లో ఎవరూ రారు" అని చెప్పుకోవడానికి ఖాళీ కుర్చీలే పనికొచ్చాయి. చెరువు మీద అలిగినట్టయింది మా పని. అది అర్థమై 2023 జూన్ 13న అభిమానులు రివర్స్ బాయ్‌కాట్ పెట్టారు. మామూలు మంగళవారం మ్యాచ్‌కు 27,759 మంది వచ్చి "టీమ్ అమ్మెయ్" అని అరిచారు. ఏమీ మారలేదు. ఆ నవంబరులోనే టీమ్ లాస్ వేగస్‌కు వెళ్లిపోవడానికి మిగతా టీమ్‌ల యజమానులంతా ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. 2024 సెప్టెంబరులో ఓక్లండ్‌లో చివరి మ్యాచ్ జరిగింది. మా పిల్లలు మొదటిసారి మ్యాచ్ చూసిన స్టేడియం అది.

లెక్కల పుస్తకం:
ఫ్రీమాంట్ గారూ, చదువుతుంటే మనసు కలుక్కుమంది. అక్కడ యజమానికి టికెట్ల డబ్బు అవసరం లేకపోయింది, అదే తేడా. లీగ్ ఉమ్మడి డబ్బు వస్తూనే ఉంటుంది.

ఉప్పల్ నార్త్ స్టాండ్:
నా మొదటి మాట సవరించుకుంటున్నాను. చూడటం మానేస్తే లీగ్‌కు వెంటనే నష్టం లేదు. స్పాన్సర్ భయపడితే, లేదా అమ్మబోయే సరుకే పాడైతే నష్టం ఉంది. 2020లో ఇక్కడ, 2024లో జర్మనీలో జరిగింది అదే.

అయితే రూర్ తీరం అన్నా, జర్మనీ దారి మనకు కుదురుతుందని నేను అనుకోను. అక్కడ 50+1 నిబంధన ఉంది. చాలా క్లబ్బుల్లో సగానికి పైగా ఓట్లు సభ్యుల చేతిలో, అంటే అభిమానుల చేతిలోనే ఉంటాయి. అలాంటి క్లబ్బుల అధ్యక్షులు రేపు మళ్లీ ఆ సభ్యుల ముందే నిలబడాలి. ఉప్పల్‌లో నేను బంతి విసిరితే పోలీసులు బయటికి పంపుతారు, అంతే. నాకు ఓటు ఎక్కడిది?

రూర్ తీరం:
నిజమే తమ్ముడూ. టెన్నిస్ బంతుల సంగతే చెప్పి, ఓటు సంగతి మర్చిపోయాను.