షిఫ్ట్ మీదికెల్లి వేలే తీస్తలేరు, పరుగు బటన్ ఎట్ల పెట్టాలె?

గెట్టుమీద_పిలగాడు (దేవరకొండ):
గోడో ఇంజిన్‌ల (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) చిన్న ఆట చేస్తున్న. పైకెల్లి చూసే 2డి. పిలగాడు పొద్దుగాల చల్ల చెంబు పట్టుకొని, పొలం గెట్ల మీదికెల్లి బాయికాడున్న నాయినకు ఇచ్చి, స్కూల్ బస్సు అందుకోవాలె. గెట్టు జారితే బురద. గంతే కథ.

నడక సెకనుకు 120 పిక్సెళ్లు, షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే 210. మా అక్క కొడుకుకు ఇచ్చి ఆడుమన్న. వాడు మొదట్నుంచి ఆఖరి దాకా షిఫ్ట్ మీదికెల్లి వేలు తీయలే. మలుపు వచ్చినా తీయలే, బురదల పడ్డడు, లేసిండు, మళ్ల ఉరికిండు. నడక కోసం వారం రోజులు కూసొని ఎనిమిది ఫ్రేములు (అడుగులేసే బొమ్మలు) గీసిన, ఒక్కటి గూడ చూడలే. నడుమల షిఫ్ట్ టకటకా ఐదుసార్లు కొట్టిండు, విండోస్ స్టికీ కీస్ డబ్బా వచ్చి మీద కూసుంది. ఆఖరికి "మామా, చిటికెనవేలు గుంజుతుంది" అన్నడు.

పట్టి ఉంచుడు మంచిదా, ఒక్కసారి నొక్కితే ఉరుకుడా? అలుపు గీత (ఉరికిన కొద్ది తరిగే బలం గీత) పెడదామంటే ఆ గీత చూస్తేనే నాకు చిరాకు.

టకటక_వేళ్లు:
ఒక్కసారి నొక్కుడు పెట్టు. సెట్టింగ్స్‌ల రెండూ ఇయ్యి. అయిపాయె.

నెట్‌సెంటర్_అన్న (పాలమూరు):
అయిపోలే తమ్మీ. వేలు నొప్పి పోతది గని, నీ నడకను అప్పుడు గూడ ఎవ్వడు చూడడు. ఆట మొత్తం ఉరికేటట్టుంటే అది పరుగు కాదు, నీ నడకే సుస్తుగుంది అని.

నేను క్లాక్ టవర్ దగ్గర ఎనిమిది సిస్టమ్‌లతోని నెట్ సెంటర్ నడిపిన. జీటీఏ శాన్ ఆండ్రియాస్ ఆటల ఉరకనీకి స్పేస్ పట్టుకుంటే ఒక తీరు, టపటపా కొడితే ఇంకా జోరు. పోరగాళ్లు కొట్టుడు చూస్తే డప్పే. స్పేస్‌బార్ కింద స్ప్రింగు ఒక దిక్కు లేస్తది, ఒక దిక్కు లేవది. ఎన్ని కీబోర్డులు పారేసిన్నో నాకే యాదికి లేదు.

గదే పోరగాళ్లు కౌంటర్ స్ట్రైక్ 1.6 అనే తుపాకుల ఆటల షిఫ్ట్‌ను ఎప్పుడో ఒకసారి ముట్టేది. ఎందుకంటే అండ్ల ఉరుకుడే మామూలు నడక. షిఫ్ట్ నొక్కితే మెల్లగ, అడుగుల సప్పుడు రాకుండ పోతరు. ఇంకో మాట: కత్తి పట్టుకుంటే వేగం 250, ఏకే తుపాకి పట్టుకుంటే 221, ఏడబ్ల్యూపీ అనే పెద్ద తుపాకి పట్టుకుంటే 210. జోరుగ పోవాల్నంటే తుపాకి లోపల పెట్టాలె, అప్పుడు ఎదురుంగ ఎవడన్న వస్తే పోయినట్టే. గీత లేదు, గని ఖర్సు ఉంది.

నీ దగ్గర చల్ల చెంబు ఉంది గదా, ఇంక గీత ఎందుకు? పోయేటప్పుడు నిండు చెంబు. ఉరికితే ఒలుకుతది. అచ్చేటప్పుడు ఖాళీ చెంబు, బస్సు హారన్. అప్పుడు బటనే వద్దు, వాని కాళ్లే ఉరకాలె.

నీలగిరి_అక్క:
అన్న చెప్పింది పాయింటే. నేను హైదరాబాద్‌లో మొబైల్ ఆటలు టెస్ట్ చేస్తాను, ఇంకో మూడు సంగతులు చూడు తమ్ముడూ.

నీ పరుగు నడకకన్నా 75 శాతం ఎక్కువ. మైన్‌క్రాఫ్ట్ ఆటలో నడక సెకనుకు 4.317 మీటర్లు, పరుగు 5.612, అంటే 30 శాతమే ఎక్కువ. అయినా ఉరుకుతున్నట్టే ఉంటుంది, ఎందుకంటే అక్కడ చూపు వెడల్పవుతుంది. నీది 2డి కాబట్టి కెమెరాను ఉరికే దిక్కుకు కొంచెం ముందుకు జరుపు, కాళ్ల కింద దుమ్ము లేపు. 160 చాలు.

బురదలో పడడం సగం నీ తప్పే. గెట్టు దాటినా 0.1 సెకను దాకా పడనీయకు. 210 వేగంలో అది 21 పిక్సెళ్లు, పిల్లవాడు తప్పించుకున్నాననుకుంటాడు. ఐమూలగా ఉరికితే ఇంకా జోరుగా పోతున్నాడా? పైకి, పక్కకు రెండూ కలిపి లెక్కేస్తే 1.41 రెట్లవుతుంది. గోడోలోనే ఉన్న గెట్ వెక్టర్ ఫంక్షన్ వాడితే ఆ బాధ ఉండదు.

ఊళ్లో ఎవరి దగ్గరైనా ఉండేది ఫోనే, దానికి షిఫ్ట్ ఎక్కడిది? ఫోన్‌లో ఆడే తుపాకుల ఆట బీజీఎంఐలో తెర మీది జాయ్‌స్టిక్‌ను పైకి తోస్తే పరుగు లాక్ అవుతుంది, నువ్వూ అట్లనే పెట్టు.

టకటక_వేళ్లు:
సరే, ఒప్పుకున్న. గని రెండూ సెట్టింగ్స్‌ల ఉండాలె. మా అమ్మకు కీళ్లవాతం, ఆమె గూడ ఆడుతది.

గెట్టుమీద_పిలగాడు:
అక్కా, ఐమూల సంగతి నిజమే, 296 వస్తుండె! సరిజేసిన. పరుగు 160 చేసి, చెంబుల చల్ల కనవడేటట్టు పెట్టిన. అన్నా, మా అక్క కొడుకును మళ్ల కూసోబెట్టిన. ఈసారి మలుపు కాడ వాడంతట వాడే షిఫ్ట్ ఇడిసిండు, నాలుక బయట పెట్టి గెట్టు మీద మెల్లగ పోయిండు. నా ఎనిమిది ఫ్రేములు చూసిండు!

ఇప్పుడు ఒలికిన చల్లను కుక్క వచ్చి నాకాల్నట. గదే గీస్తున్న.