ఆపరేషన్ తర్వాత జాగ్రత్తలు బొమ్మలతో చెప్తే మనవాళ్లకి ఎక్కుతున్నాయా?

రాజోలు_అమ్మాయి:
అమ్మకి రొమ్ము క్యాన్సర్ ఆపరేషనయ్యి ఇంటికొచ్చాం. చేతి వ్యాయామాల బొమ్మల షీటు ఒకటి ఇచ్చారు. అమ్మకి చదువు రాదు, బొమ్మలైతే శ్రద్ధగానే చూస్తుంది. కానీ బొమ్మలో మనిషి మనకి ఎదురుగా నిలబడి ఉంది. ఆపరేషన్ ఎడమవైపైతే, అమ్మ ఆ బొమ్మ చూసి కుడి చెయ్యి లేపుతోంది! మీ ఇళ్లల్లో ఎలా నేర్పారు?

పాలకొల్లు_సిస్టర్:
సర్జరీ వార్డులో చేస్తానండి. ఎదురు బొమ్మతో ఈ తిరకాసు మామూలే. అమ్మగారి జాకెట్టు ఎడమ చేతికి బొట్టుబిళ్ల అంటించి, అద్దం ముందు నిలబెట్టండి. గుర్తు కోసమని చేతికి దారం మాత్రం కట్టొద్దు. చంకలో గడ్డలు తీసిన వైపు బిగుతు గాజులు, బీపీ పట్టా, సూది ఏవీ వద్దంటాం, చెయ్యి వాస్తుందని. ఫిజియో చేయించేటప్పుడు మీ ఫోన్లోనే, వెనక నుంచి వీడియో తియ్యండి. తర్వాత ఆవిడ చేత చేయించి చూడండి. ‘అర్థమైందా’ అని అడిగితే అందరూ ‘ఆయ్’ అనే అంటారు.

అంబాజీపేట_తోట:
గోడ మీద వేళ్లు పాకించేది మా పిన్ని పెరట్లో కొబ్బరిచెట్టు దగ్గర చేసేది. మట్టలు రాలిన గుర్తులుంటాయిగా, నిన్నటికన్నా ఒక గుర్తు పైకెళ్తే ఆ సంబరమే వేరు.

పాలకొల్లు_సిస్టర్:
ఐడియా బాగుంది గానీ చెట్టు గరుకండీ. ఆ చేతికి గీరుకుంటే ఇన్‌ఫెక్షన్, దాంతో వాపు. గోడ మీద సుద్దతో గీతలు పెట్టుకోండి.

లాకుల_దగ్గర:
మా నాన్నకి గొంతులో స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ దగ్గర రంధ్రంలోంచే గాలి. గోడకున్న రంగుల చార్టు చూపిస్తే తల ఊపాడు, అంతే. నాన్న కాలవ మీద లస్కరుగా చేశాడని తెలిసి ఓ జూనియర్ డాక్టరు కేసు షీటు వెనక పెన్నుతో గీశాడు: “ఇదివరకు గాలి కాలవ, తిండి కాలవ రెండూ పైన కలిసుండేవి. ఇప్పుడు గాలి కాలవని అడ్డంగా మూసేసి, మెడ దగ్గర వేరే తూము పెట్టాం.” అప్పుడు నాన్నే సైగ చేసి అడిగాడు, మరి స్నానానికి దిగితే నీళ్లు ఎటెళ్తాయని! తిన్నగా ఊపిరితిత్తుల్లోకే. కాలవలో మునగడం ఆ రోజే బంద్. అదే బొమ్మ చిన్న కార్డు మీద గీయించి జేబులో పెట్టాం. ఎక్కడైనా పడిపోతే ఆక్సిజన్ ముక్కుకి కాదు, మెడకి పెట్టాలని తెలియాలిగా.

భీమవరం_పొట్టసంచి:
నాది పేగు ఆపరేషన్. ముందురోజే స్టోమా, అంటే పొట్ట మీదకి తెచ్చి పెట్టే పేగు మూతి, దాని రంగు ఫొటో చూపించారు, రాత్రంతా నిద్ర లేదు. ముందు గీతల బొమ్మ చాలు. రంగు ఫొటో తర్వాత కావాలి, అప్పుడది తప్పనిసరి. ఎర్రగా, తడిగా ఉంటే సరే, నల్లబడితే వెంటనే ఆస్పత్రికి. పగటి వెలుతురులోనే చూసుకోండి, మా హాల్లో పసుప్పచ్చ బల్బు కింద అన్నీ ఒకేలా కనిపిస్తాయి. యూట్యూబ్ వీడియోలంటారా, అందులో స్టోమాకి తగిలించే మలం సంచి రెండు ముక్కలది, నాకిచ్చింది ఒకే ముక్కది. మా ఆవిడా నేనూ గంటసేపు తన్నుకున్నాం.

రాజోలు_అమ్మాయి:
బొట్టుబిళ్ల పనిచేసింది సిస్టర్ గారూ. ఇంకోటి, ఆపరేషన్ చేసినచోట ఊరే నీరు గొట్టంలోంచి పడే డ్రెయిన్ డబ్బాలో ఎంతొచ్చిందో చూడాలి. పగలు నేను బడికెళ్తాను. అమ్మకి అంకెలు రావు.

పాలకొల్లు_సిస్టర్:
రోజూ ఒకే టైముకి కొలత గ్లాసులో వంచమనండి. 30 ఎం.ఎల్. దగ్గర గోళ్లరంగుతో గీత పెట్టండి. మామూలుగా వరసగా రెండు రోజులు అంతకన్నా తక్కువొస్తే తీస్తారు, అయినా మీ సర్జన్ ఏ లెక్క చెప్పారో దాని దగ్గరే గీత ఉండాలి. గీత దాటితే క్యాలెండర్లో అడ్డగీత, దాటకపోతే సున్నా. వంచాక డబ్బా నొక్కి, గాలి పోయాక, నొక్కి పట్టుకునే మూత పెట్టాలి. ఈ ఒక్కటీ ఫొటో చూస్తే తెలీదు, వీడియో తీసి పెట్టండి.