కోయాసాన్ గుడిలో బస, శాకాహార భోజనం గురించి తెలిసినవాళ్లు చెప్పగలరా?

అందరికీ నమస్కారం. వేసవి కోర్సు కోసం ఒసాకాలో ఉంటున్నాను. ఆగస్టు 13న బౌద్ధ గుళ్లున్న కోయాసాన్ కొండ మీదికి వెళ్లి, ఆ రాత్రి గుడిలోనే బస చేయాలని ఉంది. ఆ సాయంత్రం ఒకునోయిన్ శ్మశానం దారి పొడవునా పోయినవాళ్ల కోసం వేల కొవ్వొత్తులు వెలిగిస్తారు. మా తాతయ్య ఈ ఏడాదే పోయారు. ఆయన్ని తలుచుకుని నేనూ ఒకటి వెలిగించాలి. వేరే మతంవాళ్లు వెలిగిస్తే ఏమీ అనుకోరు కదా? కొవ్వొత్తి అక్కడే ఇస్తారా?

కొన్ని గుళ్లలో పొద్దున్నే హోమం కూడా చేస్తారు. మన దేశంలో పుట్టిన ఆ పద్ధతిని 9వ శతాబ్దంలో కోయాసాన్‌ని స్థాపించిన బౌద్ధ సన్యాసి కూకాయ్ చైనా నుంచి తెచ్చుకున్నారు. దగ్గర కూర్చుని చూడనిస్తారా?

తిండి విషయానికొస్తే, నేను పక్కా శాకాహారిని. గుడి భోజనంలో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు కాబట్టి అక్కడ టెన్షన్ లేదు. బాధంతా బయటే. సోబా (బక్‌వీట్ నూడుల్స్) గిన్నెలో కనిపించేవి ఆకుకూర, పుట్టగొడుగులే. కానీ ఆ చారు మాత్రం ఎండుచేప తురుము మరిగించి తీసిన దాషీతో కాస్తారు. చాలామంది దాన్ని చేప కింద లెక్కేయరు, అది వాళ్ల తప్పు కాదు. ఎంతో ఆప్యాయంగా పెట్టేవాళ్లను నొప్పించకుండా ఎలా అడగాలి? జపనీస్‌లో చీటీ రాసి చూపిస్తే సరిపోతుందా? అందులో ఏమేం రాయాలి?