చెస్‌లో మూడోసారి అదే పొజిషన్ వచ్చినా ఆర్బిటర్ (ఆట రిఫరీ) డ్రా ఇవ్వలేదు, ఎందుకు?

ప్రశ్న: మా పాప అండర్-11 ఆడుతోంది. నిన్న ఓడిపోయే ఆటలో క్వీన్‌తో చెక్‌ల మీద చెక్‌లు ఇచ్చింది. ఈ8 గడిలో చెక్, రాజు హెచ్7కి. హెచ్5లో చెక్, రాజు మళ్ళీ జీ8కి. మూడోసారి ఈ8లో చెక్ ఇచ్చి, క్లాక్ నొక్కి, చెయ్యెత్తి డ్రా అంది. ఆర్బిటర్ కుదరదన్నారు. ఈలోగా ఆ బాబు తేరుకుని బిషప్‌ను ఎఫ్8లో అడ్డం పెట్టాడు, గెలిచాడు. మాకు అన్యాయం జరిగినట్టేనా?

జవాబు: లేదండి, ఆర్బిటర్ చెప్పింది కరెక్టే. బోర్డు మీద అదే అమరిక, అంటే పొజిషన్, మూడుసార్లు వస్తే డ్రా అడగొచ్చు. కానీ ఎవరి టర్న్ అయితే వాళ్ళే క్లెయిమ్ చేయాలి. క్లాక్ నొక్కగానే ఆ హక్కు ఎదుటి బాబుకి వెళ్ళిపోయింది. గెలిచే ఆటలో అతనెందుకు అడుగుతాడు? పాప చేయాల్సిందల్లా, క్వీన్‌ను ముట్టుకోకుండా ఆ ఎత్తు స్కోర్‌షీట్‌లో (ఎత్తులు రాసుకునే కాగితంలో) రాసి, క్లాక్ ఆపి, "ఈ ఎత్తుతో ఇదే పొజిషన్ మూడోసారి వస్తుంది" అని ఆర్బిటర్‌కి చెప్పడం. పావు మీద చెయ్యి పడిందా, ఆ టర్న్‌కి క్లెయిమ్ పోయినట్టే.

ప్రశ్న: ఎత్తు వేశాకే రాయాలని కోచ్ రోజూ చెబుతారే!

జవాబు: మామూలుగా అంతే. డ్రా క్లెయిమ్‌కి మాత్రం రూల్స్‌లోనే మినహాయింపు ఉంది. పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే, పెద్దలూ చెప్పరు. రాసిన ఎత్తు ఇక మార్చకూడదు. లెక్క తప్పితే ఎదుటివాళ్ళకి 2 నిమిషాలు కలుపుతారు, రాసిన ఎత్తుతోనే ఆట సాగుతుంది.

మరొకరు: ఇంకో మాట. లెక్కపెట్టాల్సింది పొజిషన్‌ని, ఎత్తుల్ని కాదు. వరుసగా రానక్కర్లేదు. 1971లో బ్యూనస్ ఎయిర్స్‌లో గ్రాండ్‌మాస్టర్ బాబీ ఫిషర్, మరో గ్రాండ్‌మాస్టర్ టిగ్రాన్ పెట్రోసియన్‌తో మ్యాచ్ మూడో గేమ్‌లో ఇలాగే డ్రా క్లెయిమ్ చేశాడు. మధ్యలో నల్ల పావుల ఎత్తులు వేరైనా పొజిషన్ మూడుసార్లు అదే. అయితే మూడుసార్లూ టర్న్ ఒకే ఆటగాడిది కావాలి, క్యాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కదలడం) హక్కులూ మారకూడదు.

ప్రశ్న: ఆర్బిటరే చూసి ఆపకూడదా?

జవాబు: మూడోసారికి ఆపరు. అయిదోసారి వస్తే ఎవరూ అడగకపోయినా డ్రా అయిపోతుంది. అంతదాకా ఆ బాబు బిషప్ కదపకుండా కూర్చుంటాడా చెప్పండి! ఇంట్లో క్లాక్ పెట్టి, రాయడం, ఆపడం, పిలవడం ఒకటి రెండుసార్లు చేయించండి. టెన్షన్‌లో కూడా చెయ్యి ముందు పెన్ను మీదకి వెళ్ళాలి.