కల్లుగీతలోని గీత, కాగితం మీది గీత

మన బృందంలో నల్లగొండ వైపు సభ్యులొకరు వేసిన ప్రశ్న చిన్నదే కానీ దాని లోతు పెద్దది. ఊళ్లలో 'కల్లుగీత పారిశ్రామిక సహకార సంఘం' అన్న బోర్డు కనిపిస్తుంది కదా, అందులోని 'గీత'కూ, పిల్లవాడు స్కేలు పెట్టి నోటుబుక్కులో గీసే 'గీత'కూ సంబంధం ఉన్నదా, లేక రెండు వేరువేరు మాటలు ఒకే రూపంలో స్థిరపడ్డాయా అని ఆయన అడిగారు. ఆ వెనకే మరొకరు, 'డ్రాయింగ్' అన్న ఇంగ్లీషు మాటకు సరితూగే ఒకే ఒక తెలుగు మాట ఏదో చెప్పమన్నారు. మొదటి ప్రశ్నకు జవాబు సరిగా దొరికితే రెండవదానికి కూడా దారి కనబడుతుందని నా నమ్మకం. కనుక రెండింటినీ కలిపే రాస్తున్నాను.

ముందుగా ఒక గీతను పక్కకు పెట్టాలి. భగవద్గీతలోని 'గీత' సంస్కృతం. 'గై' ధాతువు నుంచి వచ్చిన ఆ మాటకు పాడబడినది అని అర్థం. గీతం, సంగీతం, గేయం దాని తోబుట్టువులు. మన గీత అచ్చతెలుగు మాట, 'గీచు', 'గీయు' అన్న క్రియ నుంచి వచ్చిన నామం. వీటి మధ్య పోలిక చెవికి మాత్రమే.

ఈ గీయు అన్న క్రియకు ఇంట్లోనే పెద్ద బంధువర్గం ఉన్నది. గీరు, గీకు, గీటు ఆ వర్గంలోనివే. తమిళంలో 'కీఱు' అన్న ధాతువు గీత గీయడానికీ, చీరడానికీ రెండింటికీ చెల్లుతుంది. కన్నడంలో 'గీరు' గీరడానికీ, గీత పెట్టడానికీ వాడుకలో ఉన్నది. అంటే ఈ మాట మొదటి నుంచీ బొమ్మల పెట్టెలోది కాదు. మొనగాని అంచుగాని ఉన్న వస్తువును ఒక ఉపరితలం మీద ఒత్తి జరపడం దీని అసలు పని. ఆ జరపడం వల్ల ఏమి మిగిలిందన్నది సందర్భాన్ని బట్టి మారుతుంది. కాగితం మీద జాడ మిగిలితే గీత. చర్మం మీద గాయం మిగిలితే ముల్లు గీసుకుపోయిందంటాము. అవుసలి (కంసాలి) రాయి మీద బంగారపు చార మిగిలితే గీటు, ఆ రాయి గీటురాయి.

వ్యాకరణం పట్ల ఆసక్తి ఉన్నవారు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలని కోరుతున్నాను. గీయు అన్న క్రియకు కర్మగా వచ్చే మాటలు ఒకే వరుసలోనివి కావు. 'గీత గీశాడు', 'బొమ్మ గీశాడు' అన్నప్పుడు కర్మ ఆ పని వల్ల పుట్టిన వస్తువు. 'అగ్గిపుల్ల గీశాడు' అన్నప్పుడు కర్మ చేతిలోని సాధనం. పుల్ల మీద ఎవరూ గీయరు, పుల్లతోనే పెట్టె మీద గీస్తారు. 'గడ్డం గీసుకున్నాడు' అన్నప్పుడు కర్మ తొలగిపోయిన వస్తువు. 'తాటిచెట్టు గీశాడు' అన్నప్పుడు కర్మ కత్తి తగిలిన చోటు. కల్లు విషయానికి వస్తే, 'చెట్టు గీస్తడు' అనీ అంటారు, 'కల్లు గీస్తడు' అనీ అంటారు. మొదటిదానిలో కత్తి తగిలే చోటు కర్మ, రెండవదానిలో దొరికే ఫలం కర్మ. ఇన్ని పాత్రలను ఒక్క విభక్తిలో మోసే క్రియలు తెలుగులో ఎక్కువ లేవు. నిఘంటువులో ఈ అర్థాలను ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి విడదీయడం కన్నా, ఒకే చేతి కదలికను నాలుగు వైపుల నుంచి చూపడంగా వివరించడం న్యాయమని నా అభిప్రాయం.

ఇప్పుడు కల్లుగీత సంగతి. తాటిచెట్టు ఎక్కిన గీత కార్మికుడు పూగెల కొసను పదునైన కత్తితో పలుచని పొరగా కోస్తాడు. ఆ కోత నుంచి చుక్క చుక్కగా దిగే రసం లొట్టిలోకి, అంటే గెలకు కట్టిన కల్లుకుండలోకి చేరుతుంది. కోసిన చోటు ఆరిపోతే ధార ఆగిపోతుంది కనుక, మళ్లీ ఎక్కి మళ్లీ మరొక పలుచని పొర తీయవలసిందే. ఈతచెట్టుకు పద్ధతి వేరు. అక్కడ గెల జోలికి పోరు. మట్టలను తొలగించి, తలకు కింద మెత్తగా ఉన్న కాండాన్నే చెక్కి గీస్తారు. ఏళ్ల తరబడి గీసిన ఈతచెట్టు ఒంటి మీద ఆ గాట్లు మెట్లుమెట్లుగా నిలిచిపోయి కనిపిస్తాయి. ఒకచోట పువ్వు కొస, ఒకచోట కాండం. అయినా రెండింటికీ మాట గీతే. నరకడం, కోయడం, కొట్టడం అన్న మాటలు తెలుగులో లేక కాదు. ఆ పనిలోని నేర్పంతా కత్తి ఎంత లోతుకు దిగాలన్న దానిలో ఉన్నది. లోతుగా దిగితే గెల పాడవుతుంది, పైపైన పోతే రసం రాదు. ఒత్తిడిని చేతిలో పట్టి అంచును జరపడమే గీయడమని పైన అన్నాను. ఆ నిర్వచనానికి ఇంతకన్నా సరైన ఉదాహరణ నాకు కనబడదు. కనుక మొదటి ప్రశ్నకు నా జవాబు స్పష్టం: రెండు గీతలూ ఒక్కటే మాట. బొమ్మ గీసేవాడి పని కళ, చెట్టు గీసేవాడి పని కూలి అన్న తేడా మనం పెట్టుకున్నది, భాష పెట్టలేదు.

గీయు నుంచి నుడికారాలు కూడా చాలా పుట్టాయి. గీసి గీసి బేరమాడటం, గిరి గీసుకొని కూర్చోవడం, బరి గీసి నిలబడటం అందరికీ తెలిసినవే. 'గిరి' అన్నది ఇక్కడ చుట్టూ గీసుకున్న వలయం, కొండ కాదు.

ఇక రెండవ ప్రశ్న. 'డ్రాయింగ్'కు గీత సరిపోతుందా అంటే, కొంతవరకే సరిపోతుంది. ఎందుకంటే తెలుగు తయారైన బొమ్మ కన్నా చెయ్యి చేసిన పనిని పట్టుకొని పేరు పెడుతుంది. వాకిట్లో ముగ్గు వేస్తారు లేదా పెడతారు. ముగ్గు గీశారని సాధారణంగా అనరు, ఎందుకంటే అక్కడ పిండి వేళ్ల సందుల నుంచి జారుతుందే తప్ప నేలను ఏదీ గీరదు. అదే ముగ్గు ఇంటి పునాదికి కొలతలు పెట్టేటప్పుడు 'పోస్తారు'. ఇల్లు మొదలుపెట్టినవారిని 'ముగ్గు పోసిండ్రా' అని అడగడం మన జిల్లాల్లో ఇప్పటికీ మామూలు మాట. పచ్చబొట్టు పొడుస్తారు. కనుబొమలు దిద్దుతారు. శిల్పం చెక్కుతారు. నారాయణపేట జిల్లాలో కృష్ణా తీరాన ఉన్న ముడుమాల్ నిలువురాళ్ల దగ్గర, ఒక బండ మీది చిన్న చిన్న గుంటల అమరికలో సప్తర్షి మండలం ఉన్నదని పరిశోధకులు గుర్తించారు. అది కూడా ఒక చిత్రమే, కాని దానికి తగిన క్రియ 'తొలుచు'. పోచంపల్లి నేతలో చీర మీద రావలసిన పువ్వును ముందు గళ్ల కాగితం మీద గీస్తారు. ఆ తరువాత నూలు మీద గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట గట్టిగా కట్టి, అప్పుడు అద్దకానికి పంపుతారు. కాగితం మీద గీసిన పువ్వు నూలు మీదికి వచ్చేసరికి కట్టిన పువ్వు అవుతుంది. ఇక ఊరి పటానికి, పొలం పటానికి పాత రెవెన్యూ వాడుక నుంచి వచ్చిన 'నక్ష' అన్న ఉర్దూ మాట మనకు సొంతమైపోయింది. దానిని తీసివేసి కొత్త మాట పెట్టవలసిన అవసరం నాకు కనిపించదు.

పాత తెలుగులో బొమ్మకు ఎక్కువగా వాడిన క్రియ 'వ్రాయు'. చిత్తరువు వ్రాయడం, రూపు వ్రాయడం కావ్యభాషలో సహజం. అక్షరానికీ బొమ్మకూ అప్పుడు ఒకటే క్రియ. సంస్కృతంలోనూ అంతే. 'లిఖ్' అంటే ముందు గీరడం, ఆ తరువాతే రాయడం. రేఖ, లేఖ అన్న రెండు మాటలు ర, ల వర్ణాల మార్పుతో ఏర్పడిన జంట. బాణాసురుని కూతురు ఉషకు రాజుల రూపాలన్నీ రాసి చూపిన చెలికత్తె పేరు కొన్నిచోట్ల చిత్రరేఖ, కొన్నిచోట్ల చిత్రలేఖ అని ఉండటం ఈ జంటకు అందమైన సాక్ష్యం. 'చిత్రలేఖనం' అని మనం డ్రాయింగుకు పెట్టుకున్న పేరులోనూ ఆ పాత గీరుడే దాగి ఉన్నది.

ఇంగ్లీషు 'డ్రా' మాత్రం వేరే దారిలో వచ్చింది. దాని మూలార్థం లాగడం, మన జిల్లాల మాటలో చెప్పాలంటే గుంజడం. పెన్నును కాగితం మీద గుంజుకుపోవడం నుంచి బొమ్మ అన్న అర్థం తరువాత వచ్చింది. అందుకే ఆ ఒక్క మాటకు తెలుగులో పదిచోట్ల పది క్రియలు కావాలి. ఎడ్లు బండిని గుంజుతాయి. బావిలో నీళ్లు చేదుతారు, తోడుతారు. ఎడ్లతో తోడితే మోట కొడతారు. కత్తిని ఒర నుంచి దూస్తారు. చీటీ తీస్తారు. 'చేదు' అన్న క్రియ మీద నాకు ప్రత్యేకమైన మమకారం ఉన్నది, ఎందుకంటే చేదబావులు పూడి, బోరు మోటర్లు వచ్చిన తరువాత ఆ మాట పిల్లలకు రుచిగానే తప్ప పనిగా తెలియడం లేదు. ప్రభుత్వ కార్యాలయాల్లోని 'డ్రాయింగ్ అండ్ డిస్‌బర్సింగ్ ఆఫీసర్' ఖజానా నుంచి డబ్బు తీసే అధికారి, అక్కడ బొమ్మకు చోటు లేదు. డ్రాయింగ్ రూము కూడా అంతే; భోజనం తరువాత పక్కకు తప్పుకొని కూర్చునే గది అన్న అర్థంలో పుట్టిన 'విత్‌డ్రాయింగ్ రూము' అన్న పొడవైన పేరుకు అది మిగిలిన తోక.

కనుక 'డ్రాయింగ్'కు ఒకే మాట వెతకడం కన్నా, ఏ డ్రాయింగ్ అని ముందు అడగడం మేలు. బడిలో పాఠ్యాంశమైతే చిత్రలేఖనం, కాగితం మీది రేఖాచిత్రమైతే గీతబొమ్మ, ఇంటి ప్లాను అయితే నక్ష అని నేను రాస్తాను.

ఒక మనవి. దేవరకొండ, అచ్చంపేట, మక్తల్ వైపు సభ్యులు ఉంటే, ఈతచెట్టు పనికి మీ ఊళ్లో 'గీసుడు' అనే అంటారా, 'చెక్కుడు' అన్న మాట కూడా వాడతారా, రెండూ ఉంటే వాటి మధ్య తేడా ఏమిటో ఆ వృత్తిలోని పెద్దలను అడిగి ఇక్కడ రాయండి. కత్తులకు, లొట్టులకు ఉన్న పేర్లు కూడా వారు పలికినట్టే రాస్తే మరీ మంచిది.