డేవిడ్ గారిక్ మరణంపై జాన్సన్ వాక్యం: గ్రహణమా, అస్తమయమా?

ఇంగ్లండులోని లిచ్‌ఫీల్డ్ కెథెడ్రల్‌లో నటుడు డేవిడ్ గారిక్ స్మారకం మీద, ఆయన భార్య ఈవా మరియా చెక్కించిన, ఇంగ్లీషు రచయిత, నిఘంటుకారుడు శామ్యూల్ జాన్సన్ వాక్యాన్ని నిన్న ఒక సభ్యులు ఇక్కడ తెలుగు చేశారు: "ఆయన మరణంతో జాతుల ఉల్లాసం అస్తమించింది, ప్రజల హానిలేని వినోదాల నిధి తరిగిపోయింది." చదవడానికి హాయిగా ఉంది. అయితే ఇందులో మూడు మాటల దగ్గర నాకు అభ్యంతరముంది, వాటిలో ఒక మాట విషయంలో జాన్సన్‌తోనూ పేచీ ఉంది.

మొదటిది "అస్తమించింది". మూలంలో ఉన్నది గ్రహణం. 1779 ఏప్రిల్‌లో, అంటే గారిక్ పోయిన మూడు నెలలకు, జాన్సన్ జీవితచరిత్రకారుడు బాస్వెల్ ఈ వాక్యాన్ని ఆయన ముందే ప్రస్తావించగా, తాను అంతకు మించీ తగ్గీ చెప్పలేకపోయేవాడినని, తానన్నది గ్రహణమే గాని ఆరిపోవడం కాదని ఆయన సమాధానమిచ్చాడు. (అదే గుక్కలో అది తుపాను వంటిదని కూడా అన్నాడు, గ్రహణాన్ని తుపానుతో పోల్చడం నిఘంటుకారుడికే చెల్లింది.) తెలుగులో గ్రహణానికి పట్టు ఎంత సహజమో విడుపూ అంతే సహజం గనుక, ఆ భేదం మన మాటలో శ్రమ లేకుండానే పలుకుతుంది. చరిత్ర కూడా జాన్సన్ పక్షానే ఉంది. గారిక్ చివరి రంగస్థల సంవత్సరంలో లండన్ నాటకశాల డ్రూరీ లేన్‌లో రాణించలేక వెళ్లిపోయిన నటి సారా సిడన్స్, 1782లో అదే వేదిక మీదికి తిరిగివచ్చి లండన్‌ను కదిలించింది.

రెండోది "జాతులు". ఒక నటుడి ఉల్లాసం స్వదేశం దాటి పోయిందా అని బాస్వెల్ అడిగినప్పుడు జాన్సన్ కొంత అతిశయోక్తిని మన్నించాలన్నాడు. పైగా స్కాట్‌లను ఒక జాతిగా ఒప్పుకొని, వారికి ఉల్లాసముందనుకుంటే బహువచనం చెల్లుతుందని, కాని వారికి అది లేదని, స్కాట్లండు వాడైన బాస్వెల్ ముఖం మీదే చమత్కరించాడు. జాన్సన్‌తో నా పేచీ ఇక్కడే. ఆయన అతిశయోక్తి అని ఒప్పుకోవలసిన అవసరమే లేదు.

గారిక్ 1717లో హెరిఫర్డ్‌లో పుట్టి లిచ్‌ఫీల్డ్‌లో పెరిగాడు. ఎడియల్ అనే ఊరిలో జాన్సన్ నడిపిన చిన్న బడిలో ఆయన శిష్యుడు. ఆ బడి నడవకపోగా 1737లో గురుశిష్యులిద్దరూ కలిసే లండన్ బయలుదేరారు. అన్నతో కలిసి కొంతకాలం ద్రాక్షసారా వ్యాపారం చేసిన గారిక్, 1741 అక్టోబరు 19న గుడ్‌మన్స్ ఫీల్డ్స్ నాటకశాలలో షేక్‌స్పియర్ మూడో రిచర్డ్‌గా రంగం మీదికి వచ్చేసరికి, లండన్‌లో మాటల నాటకం ఆడే హక్కు చట్టప్రకారం డ్రూరీ లేన్, కోవెంట్ గార్డెన్‌లకే ఉండేది. అందుచేత ఆ శాల వారు సంగీత కచేరీకి టిక్కెట్లు అమ్మి, నాటకాన్ని మధ్యలో ఉచితంగా చూపిస్తున్నామని ప్రకటించేవారు. పాత నటులు ఒకచోట నిలబడి గంభీరంగా రాగయుక్తంగా సంభాషణలు వల్లిస్తుండగా, ఈయన ముఖంతో, నడకతో, హఠాత్తుగా మారే కంఠంతో పాత్రను నడిపించాడు. ఈ కుర్రవాడిది సరైన పద్ధతయితే మేమంతా తప్పు చేసినట్టేనని అప్పటి ప్రసిద్ధ నటుడు జేమ్స్ క్విన్ అన్నాడట.

ఇంగ్లీషు రాని వారికి కూడా ఆయన నటన అందింది అంటే కారణం ఆ ముఖమే. 1763లో ఐరోపా పర్యటనకు వెళ్లిన గారిక్ పారిస్ మిత్రుల ముందు రెండు తలుపుల సందున తల మాత్రం పెట్టి, నాలుగైదు క్షణాలలో పట్టరాని సంతోషం నుంచి భయం, నిరాశల దాకా వెళ్లి మళ్లీ మొదటికి వచ్చాడని ఫ్రెంచి రచయిత దిదెరో రాశాడు. జర్మన్ పండితుడు లిక్టెన్‌బెర్గ్ ఆయన హామ్లెట్‌ను చూసి, భూతం కనిపించిన ఘట్టాన్ని 1775లో భంగిమ భంగిమగా స్వదేశానికి రాసి పంపాడు. కనుక బహువచనం అక్షరాలా నిజం. తెలుగులో మాత్రం "జాతుల" అంటే ఇప్పుడు వేరే అర్థాలు ముసురుకుంటాయి. "దేశదేశాల ఉల్లాసం" మేలు.

"నిధి" చక్కగా కుదిరింది. జాన్సన్ వాడినది లెక్కల పుస్తకపు భాష. మన సంతాప సభల "తీరని లోటు" కూడా ఆ పద్దుల్లోంచే వచ్చిందన్న సంగతి మరిచిపోయాం. 1747 నుంచి 1776 దాకా డ్రూరీ లేన్‌ను భాగస్వామిగా నడిపిన గారిక్‌కు లెక్క బాగా తెలుసు. ఆ యాజమాన్యం మొదలైన రోజున చదవడానికి జాన్సన్ రాసిచ్చిన పద్యంలోనే, మెప్పించడానికి బతికేవాళ్లం బతకడానికీ మెప్పించాలి అన్న భావముంది.

ఇక "హానిలేని వినోదాలు". హాని లేనిది అంటే చప్పగా లేదా అని బాస్వెల్ అడిగాడు. కాదు, అదే అన్నిటికన్నా గొప్ప ప్రశంస, ఎందుకంటే సుఖమన్నదే అనుమానాస్పదమైన మాట, సాధారణంగా అది శీలానికి చేటు, అటువంటిదాన్ని కల్తీ లేకుండా అందించగలగడం మనిషికి దక్కగల మహాశక్తి అని జాన్సన్ జవాబు. నటులంటే చిన్నచూపు, నాటకశాలంటే పాపభీతి ఇంకా పోని కాలపు మాట అది. తెలుగులో "వినోదం" పుట్టుకతోనే నిరపరాధి. దానికి "హానిలేని" అని విశేషణం తగిలిస్తే బాస్వెల్ ఫిర్యాదే నిజమవుతుంది. "ఆనందం" వేదాంతంలో మరీ ఎత్తుకు ఎక్కింది. "సుఖం" అనే మాటలో మాత్రమే జాన్సన్ చెప్పిన అనుమానం కాస్త మిగిలి ఉంది. అందువల్ల నేను "దోషమంటని సుఖం" అంటాను. "దోషం" మరీ శాస్త్రం వాసన కొడుతున్నదని అనేవారుంటే, "సుఖం" మాత్రం వదలకుండా విశేషణాన్ని మార్చి సూచించవలసిందిగా మనవి.