టాఫ్ట్–హార్ట్‌లీ చట్టంతో అమెరికా కార్మిక సంఘాలు ఏమి పోగొట్టుకున్నాయి?

గోదావరి గట్టు (ప్రశ్న):

నమస్కారం. కొంతకాలంగా అమెరికా కార్మికోద్యమ చరిత్ర చదువుతున్నాను. ఒక విషయం ఎంత ఆలోచించినా తేలడం లేదు. ఎనిమిది గంటల పనిదినం కోసం 1886 మే 1న షికాగోలోనూ ఇతర నగరాల్లోనూ సమ్మె కట్టిన కార్మికులది ఆ దేశమే. షికాగో హేమార్కెట్ సభలో పోలీసుల మీద బాంబు పడిన ఘటన తరువాత 1887 నవంబరులో నలుగురు ఉద్యమకారులను ఉరితీసిందీ ఆ దేశమే. 1950ల మధ్యనాటికి అక్కడ ఇంచుమించు ప్రతి ముగ్గురు ఉద్యోగుల్లో ఒకరు సంఘ సభ్యులు. నేడు పదిమందిలో ఒకరే. 1981లో రీగన్ 11,000 మందికి పైగా విమానయాన నియంత్రణ ఉద్యోగులను ఒక్కసారిగా తొలగించడంతోనే ఈ పతనం మొదలైందని చాలామంది రాస్తారు. నాకు మాత్రం దీని మూలం, సంఘాలకు కళ్లెం వేసిన 1947 నాటి టాఫ్ట్–హార్ట్‌లీ చట్టంలోనూ, ఆ తరువాత సంఘాల నుంచి వామపక్ష కార్యకర్తలను వెళ్లగొట్టడంలోనూ ఉందనిపిస్తోంది. ఈ అభిప్రాయం ఎంతవరకు సరైనదో తెలిసినవారు వివరించగలరా?

పాత పుస్తకం:

మీ అనుమానంలో చాలా నిజం ఉంది. అయితే వెళ్లగొట్టినవారు అంతకుముందు ఏమి చేశారో తెలిస్తేనే ఆ నష్టం కొలత తెలుస్తుంది. అందుకు మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరాన్ని చూడాలి. 1936 వేసవిలో యునైటెడ్ ఆటో వర్కర్స్ సంఘం తరఫున విండమ్ మార్టిమర్ అక్కడికి వెళ్లేసరికి, వేలమంది పనిచేసే జనరల్ మోటార్స్ కర్మాగారాల్లో సంఘ సభ్యులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే ఉన్నారు. వారిలోనూ యాజమాన్యం డబ్బు తీసుకునే వేగులు ఉండేవారు. కమ్యూనిస్టులకు సన్నిహితుడైన మార్టిమర్ బహిరంగ సభల జోలికి పోకుండా కార్మికుల ఇళ్లకు వెళ్లి, ఇంట్లోవాళ్లతోనూ మాట్లాడి, చేరినవారి పేర్లు బయటికి పొక్కకుండా ఒక్కొక్కరినే కూడగట్టాడు. తరువాత ఆ పనిని బాబ్ ట్రావిస్ కొనసాగించాడు.

ఆ ఏడాది డిసెంబరు 30న కార్మికులు యంత్రాలు ఆపేసి, బయటికి రాకుండా కర్మాగారంలోనే కూర్చున్నారు. బయట సమ్మె చేస్తే వారి స్థానంలో వేరొకరిని తెచ్చి పని నడిపించవచ్చు. లోపలే ఉంటే అది కుదరదు, యంత్రాలు పాడవుతాయన్న భయంతో యాజమాన్యమూ తొందరపడి బలప్రయోగానికి దిగలేదు. 1937 జనవరి 11న మాత్రం లోపల వేడిమి ఆపేసి, భోజనం అందకుండా గేటు మూసేశారు. పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు, కాల్పులూ జరిపారు. లోపలివారు మంటలార్పే నీటి గొట్టాలతోనూ, కారు తలుపులకు బిగించే ఇనుప మడతబందులతోనూ ఎదుర్కొన్నారు. ఆ రాత్రి జెనోరా జాన్సన్ అనే 23 ఏళ్ల సోషలిస్టు యువతి సంఘం బండి మీది మైకు అందుకుని, ఫ్లింట్ ఆడవాళ్లారా, పోలీసు వరుసను దాటుకుని రండి, మీ మనుషుల పక్కన నిలబడండి అని పిలిచింది. వారు వచ్చారు. గవర్నరు ఫ్రాంక్ మర్ఫీ సైనిక దళాలను పిలిపించినా, కార్మికులను ఖాళీ చేయించడానికి వాటిని వాడలేదు. ఆ నిర్ణయమే లేకపోతే కథ మరోలా ముగిసేది. 44 రోజుల తరువాత ఫిబ్రవరి 11న, అప్పటిదాకా సంఘాన్ని గుర్తించడానికే ససేమిరా అన్న కంపెనీ ఒక్క పేజీ ఒప్పందం మీద సంతకం చేసింది.

పదేళ్ల తరువాత వచ్చిన టాఫ్ట్–హార్ట్‌లీ చట్టం సరిగ్గా ఇటువంటివారికే ముందరి కాళ్లకు బంధం వేసింది. 1947 జూన్ 20న అధ్యక్షుడు ట్రూమన్ వీటో చేశాడు, మూడు రోజులకే కాంగ్రెసు ఆ వీటోను తోసిపుచ్చింది. ఆ చట్టంలోని 9(హెచ్) నిబంధన ప్రకారం సంఘంలోని ప్రతి పదవిలో ఉన్నవారూ తాము కమ్యూనిస్టులం కామని ప్రమాణపత్రం ఇవ్వాలి. ఇవ్వని సంఘం నిషిద్ధం కాలేదు. కానీ 1935 నాటి వాగ్నర్ చట్టం ఏర్పరచిన కార్మిక సంబంధాల బోర్డు దాని ఫిర్యాదులు వినదు, కార్మికుల తరఫున ఏ సంఘం మాట్లాడాలో తేల్చే గుర్తింపు ఎన్నికల బ్యాలెట్ మీద దాని పేరు ఉంచదు. అంటే పక్క సంఘం ఎవరైనా వచ్చి సభ్యులను లాక్కుపోతున్నా చూస్తూ ఊరుకోవాలి. గని కార్మికుల నాయకుడు జాన్ ఎల్. లూయిస్ కమ్యూనిస్టు కాదు, సరికదా వారిని తన సంఘంలో సహించినవాడూ కాదు. అయినా ఆ ప్రమాణపత్రం అవమానకరమని సంతకం చేయక, ఏఎఫ్‌ఎల్ సమాఖ్య నుంచే బయటికి వచ్చేశాడు. కార్మిక నాయకులందరూ ఆనాడు ఆ ఒక్క పని చేసి ఉంటే నిబంధన కాగితం మీదే మిగిలేదని నా నమ్మకం.

మైలురాయి:

పై సమాధానంలోని వాస్తవాలతో నాకు పేచీ లేదు. కానీ తప్పంతా చట్టానిదే అన్నట్టు చదువుకోకూడదు. 1941 జూన్‌లో హిట్లర్ సోవియట్ యూనియన్ మీద దాడి చేసేంతవరకు యుద్ధాన్ని వ్యతిరేకించిన కమ్యూనిస్టు నాయకులు, ఆ తరువాత యుద్ధం ముగిసేదాకా సమ్మెలు వద్దని అందరికంటే గట్టిగా పట్టుబట్టారు. కర్మాగారంలో పని వేగం పెంచి ఫోర్‌మన్ నెత్తిన కూర్చున్నప్పుడు, తన నాయకుడి మాట మాస్కో అవసరాన్ని బట్టి మారుతోందని కార్మికుడికి అనిపిస్తే అది అతడి తప్పు కాదు. 1948 అధ్యక్ష ఎన్నికల్లో, ఆటో కార్మికుల వంటి పారిశ్రామిక సంఘాల సమాఖ్య అయిన సీఐఓ ట్రూమన్‌ను బలపరచగా, వామపక్ష సంఘాలు మూడో పక్షం అభ్యర్థి హెన్రీ వాలెస్ వైపు నిలిచాయి. 1949, 1950 సంవత్సరాల్లో సీఐఓ 11 సంఘాలను బహిష్కరించడానికి ఆ విభేదం దగ్గరి కారణాల్లో ఒకటి.

ఇంకొక మాట. ఒకప్పుడు సోషలిస్టు అయిన వాల్టర్ రూథర్ ఆటో కార్మికుల సంఘంలో కమ్యూనిస్టులను పక్కకు నెట్టిన మాట నిజమే. కానీ 1950లో జనరల్ మోటార్స్‌తో అతడు కుదిర్చిన ఐదేళ్ల ఒప్పందం సభ్యులకు పింఛను, ధరలతో పాటు పెరిగే వేతనం సంపాదించిపెట్టింది. వామపక్షం పోగానే సంఘాలు చచ్చుబడిపోయాయనడం సరికాదు.

గోదావరి గట్టు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే రూథర్ ఒప్పందం అప్పటికే సభ్యులైనవారికి మేలు చేసింది కదా. సభ్యులు కానివారిని చేర్చుకునే పని ఏమైందన్నదే నా అసలు ప్రశ్న. దక్షిణ రాష్ట్రాల గురించి ఎవరైనా రాయగలరా?

పొగాకు నేల:

దక్షిణాది ప్రస్తావన వచ్చింది కాబట్టి రాస్తున్నాను. నార్త్ కరొలైనాలోని విన్‌స్టన్–సేలం నగరంలో ఆర్.జె. రెనాల్డ్స్ పొగాకు కర్మాగారాలు ఉండేవి. ఆకు నుంచి ఈనె తీసే గదుల్లో పనిచేసేవారిలో అత్యధికులు నల్లజాతి స్త్రీలు. ఒంగోలు వైపు పొగాకు గ్రేడింగు చూసినవారికి ఆ ఘాటు, ఒంటికి పట్టే ఆ దుమ్ము ఎలాంటివో వేరే చెప్పనక్కరలేదు. 1943 జూన్‌లో ఒక కార్మికుడు పనిచేస్తూనే కుప్పకూలి చనిపోయినప్పుడు, ఆ స్త్రీలు యంత్రాలు వదిలి కదలకుండా కూర్చున్నారు. ఆ సమ్మె నుంచి పుట్టినదే స్థానిక సంఘం 22. పొగాకు, ఆహార కార్మికుల సంఘానికి అనుబంధమైన ఆ శాఖలో కమ్యూనిస్టులు ఉన్న మాట వాస్తవమే. అది కూలి పెంచడంతో ఆగలేదు. నల్లజాతివారిని ఓటర్లుగా నమోదు చేయించింది, 1947లో నల్లజాతి పాస్టరు కెనెత్ విలియమ్స్‌ను నగరపాలక మండలికి గెలిపించడంలో చేయి వేసింది. నల్లజాతివారిని వేరుపెట్టే జిమ్ క్రో చట్టాలు రాజ్యమేలుతున్న రోజుల్లో ఇది సామాన్యమైన పని కాదు.

ఆ ఏడాదే కాంగ్రెసు విచారణలు, పత్రికల్లో సంఘం మీద కమ్యూనిస్టు ముద్ర వేసే ప్రచారం మొదలయ్యాయి. కంపెనీ యంత్రాలను పెంచి, నల్లజాతి స్త్రీల పనులను తగ్గించింది. సీఐఓ తన బహిష్కృత సంఘాన్ని కాపాడకపోగా, పోటీ సంఘాన్ని పంపింది. 1950లో జరిగిన గుర్తింపు ఎన్నికలో స్థానిక సంఘం 22 కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయింది. 1946లో దక్షిణాదిని సంఘటితం చేయడానికి సీఐఓ చేపట్టిన పెద్ద ప్రచారం సైతం వామపక్షీయులను దూరం పెట్టి నడిచి, విఫలమైంది. మైలురాయి గారు చెప్పిన రాజకీయ తప్పిదాలు నిజమే కానీ, మాస్కోలో ఏమి జరుగుతోందో ఆలోచించి ఆ స్త్రీలు యంత్రాలు ఆపలేదు. శిక్ష మాత్రం వారికే పడింది. అదే చట్టంలోని 14(బి) నిబంధన, సంఘ చందా తప్పనిసరి చేసే ఒప్పందాలను నిషేధించుకునే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. దక్షిణ రాష్ట్రాల్లో చాలావరకు దాన్ని వినియోగించుకున్నాయి. ఉత్తరాదిలో వేతనం పెరిగితే కంపెనీలు తరలిపోవడానికి సంఘం లేని నేల అలా సిద్ధంగా దొరికింది.

పాత పుస్తకం:

దీనికి ఒక చేర్పు. 9(హెచ్) నిబంధన 1959లో రద్దయింది. దాని స్థానంలో, కమ్యూనిస్టు అయినవారు ఏ కార్మిక సంఘ పదవిలోనైనా ఉండడమే నేరమన్న నిబంధన వచ్చింది. రేవు కార్మికుడు ఆర్చీ బ్రౌన్ కేసులో 1965లో సుప్రీం కోర్టు దాన్నీ కొట్టివేసింది. కానీ ఒక కంపెనీ సమ్మెకు మద్దతుగా మరో కంపెనీ కార్మికులు పని ఆపడంపై అదే చట్టం పెట్టిన ఆంక్షలు ఇప్పటికీ ఉన్నాయి. అందువల్లనే ఆటో కార్మికుల సంఘం 2023 సమ్మె తరువాత తన ఒప్పందాల గడువును 2028 ఏప్రిల్ 30కి కుదుర్చుకుని, తక్కిన సంఘాలనూ అదే తేదీ పెట్టుకోమని కోరింది. ఎవరి సమ్మె వారిదే అయినప్పుడు, మద్దతు సమ్మె అని ఎవరూ అనలేరు. ఆ మర్నాడు మే 1.